హఫీజ్‌పేట్ రైలు - కొమ్మకథలు

పిల్లలూ!

ఈ నెల మిమ్మల్ని దూరదేశాలకు తీసుకుపోను. హఫీజ్‌పేట్ స్టేషనులో రైలెక్కించి లింగంపల్లిలో దింపుతాను. మధ్యలో చందానగర్ ఒక్కటే స్టేషను. సర్దుకుని కూర్చునే లోపలే దిగవలసిన ప్రయాణం. ఐనా ఈ కాస్త దూరంలోనే మనం జపాను వెళ్ళి రావచ్చు, ఓరుగల్లు కోట చూడవచ్చు, అర్జునుడి గుర్రాన్ని కట్టేసిన రాణిని పలకరించవచ్చు. అదెలాగో చెబుతాను, వినండి.

హఫీజ్‌పేట్ హైదరాబాదుకు పడమటి వైపున, శేరిలింగంపల్లి ప్రాంతంలో ఉన్నది. కొండాపూర్ నుంచి మియాపూర్ పోయే రోడ్డు ఇక్కడ వంతెన ఎక్కి రైలు పట్టాలను దాటుతుంది. ఆ వంతెన మీద ఒక పక్కగా నిలబడి చూడండి. ఎటు చూసినా ఎత్తయిన మేడలే. కంప్యూటరు కంపెనీలలో పనిచేసేవాళ్ళు వీపున సంచీలు తగిలించుకుని చీమలబారులాగా నడుస్తూ ఉంటారు. మాదాపూర్‌లో 1998లో సైబర్ టవర్స్ అనే గుండ్రని మేడ లేచిన తరువాత, ఈ చుట్టుపక్కల పల్లెలన్నీ ఒకటొకటిగా పట్నంలో కలిసిపోయాయి.

మేడల సందుల్లో అక్కడక్కడ పెద్ద పెద్ద బండరాళ్ళు కనిపిస్తాయి. వాటిని తేలికగా చూడకండి. ఈ గ్రానైటు రాయి వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. అది పుట్టిన నాటికి భూమి మీద చెట్టూ లేదు, చేపా లేదు, పిట్టా లేదు. ఇక వంతెన కింద ఉన్న రైలు దారి సంగతి. నిజాం రాజ్యంలో వాడి నుంచి సికింద్రాబాదుకు 1874లో వేసిన దారి ఇది. ఆనాడు బొగ్గు మండించి ఆవిరితో బండి నడిపేవారు. ఇప్పుడు కరెంటు బండ్లు నడుస్తున్నాయి. పట్నంలో రోజూ తిరిగేవాళ్ళ కోసం 2003లో ఎం.ఎం.టి.ఎస్. అనే చిన్న రైళ్ళు మొదలుపెట్టారు. మనం ఎక్కబోయేది అదే.

నేను లింగంపల్లికి ఎందుకు పోతున్నానో చెప్పలేదు కదూ? అక్కడ సురభి నాటకం వారి కాలనీ ఉన్నది. దాన్ని గురించి తరువాత చెబుతాను. ముందు ప్లాట్‌ఫారం మీద జరిగిన సంగతి వినండి.

ఆ వేళ శనివారం. రైలు ఆలస్యమయింది. బెంచీ మీద నా పక్కన ఒక తల్లీ, పన్నెండేళ్ళ కూతురూ కూర్చున్నారు. ఆ పిల్ల చేతిలో ఒక బొమ్మల పుస్తకం ఉన్నది. చూద్దును గదా, పిల్ల దాన్ని చివరి పేజీ నుంచి మొదటికి చదువుతున్నది!

బడి వదిలినా బడిపంతులు బుద్ధి వదలదు. ఉండబట్టలేక, "అమ్మా, పుస్తకం తిరగేసి చదువుతున్నావు. మొదటి పేజీ అటువైపు ఉన్నది," అన్నాను.

పిల్ల నవ్వలేదు. చాలా మర్యాదగా, "తాతగారూ, ఇది జపాను వాళ్ళ బొమ్మల కథ. కుడి వైపు నుంచి ఎడమ వైపుకు చదవాలి. మీరు మొదటి పేజీ అంటున్నది దీనికి చివరి పేజీ," అన్నది.

ఉర్దూ పుస్తకం కూడా అలాగే తెరుస్తారు గదా! ఇన్నేళ్ళు ఈ ఊళ్ళో ఉండి కూడా ఆ మాట నాకు తట్టలేదు. పాఠాలు చెప్పి చెప్పి పించను పుచ్చుకున్నవాణ్ణి, ఆ పూట బెంచీ మీద కూర్చుని పాఠం నేర్చుకున్నాను.

"అయితే నాకు కూడా చెప్పు తల్లీ, ఈ కథ ఏమిటి?" అని అడిగాను.

ఆ పిల్ల చెప్పిన సంగతి ఇది. జపాను బొమ్మల కథలను మాంగా అంటారు. 2004లో అక్కడ ఒక నవలల వరస మొదలయింది. అందులో కథానాయకుడు ఒక కుర్రవాడు. విద్యార్థులే ఎక్కువగా ఉండే ఒక పెద్ద నగరంలో అతను చదువుకుంటూ ఉంటాడు. ఆ కథలో మిసాకా మికోతో అని పధ్నాలుగేళ్ళ పిల్ల అప్పుడప్పుడు వచ్చిపోతూ ఉంటుంది. చదివేవాళ్ళకు ఆ పిల్ల ఎంతగానో నచ్చింది. దానితో ఆమెనే నాయికగా పెట్టి 2007లో వేరే బొమ్మల కథ మొదలుపెట్టారు. నగరం అదే, మనుషులూ వాళ్ళే. కాని ఇప్పుడు కథ ఆమె వెంట నడుస్తుంది. కథ రాసినవాడు కమాచి, బొమ్మలు వేసినవాడు ఫుయుకావా.

"అంటే పెద్ద చెట్టుకు కొమ్మ వేసిందన్నమాట!" అన్నాను.

"కొమ్మకథ!" అన్నది పిల్ల. ఆ పేరు బాగున్నది. మనం కూడా అలాగే పిలుద్దాం.

ఆ మికోతోకు ఒక శక్తి ఉన్నది. ఒంట్లో నుంచి కరెంటు పుట్టించగలదు. బొటనవేలితో ఒక బిళ్ళను గాలిలోకి ఎగరేసి, అది కిందికి వచ్చేటప్పుడు కరెంటు శక్తితో ముందుకు తోస్తుంది. ఆ బిళ్ళ ధ్వని కంటె మూడు రెట్లు వేగంగా దూసుకుపోతుందట. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. అంటే ఆ బిళ్ళ సెకనుకు కిలోమీటరు పైచిలుకు పోవాలి!

"ఇదంతా అబద్ధం కదా తాతగారూ?" అన్నది పిల్ల.

"పిల్ల ఒంట్లో కరెంటు పుట్టడం అబద్ధం. బిళ్ళను కరెంటుతో తోయడం మాత్రం అబద్ధం కాదు," అన్నాను.

పిల్లలూ, మీరు కూడా వినండి. రెండు లోహపు పట్టాలను పక్కపక్కనే పెట్టి, వాటి మీద అడ్డంగా ఒక లోహపు ముక్క ఉంచారనుకోండి. ఒక పట్టాలోకి చాలా బలమైన కరెంటు పంపిస్తే, అది ఆ ముక్కను దాటి, రెండో పట్టా గుండా తిరిగి వస్తుంది. కరెంటు పారే చోట దాని చుట్టూ అయస్కాంత శక్తి పుడుతుందని 1820లో ఆర్‌స్టెడ్ అనే శాస్త్రజ్ఞుడు కనిపెట్టాడు. రెండు పట్టాల మధ్య పుట్టిన ఆ శక్తి అడ్డంగా ఉన్న ముక్కను ముందుకు తోసేస్తుంది. దీనినే రైల్‌గన్ అంటారు. ఆ పిల్లకు కథలో ఉన్న మారుపేరు కూడా అదే. కొన్ని దేశాల నౌకాదళాలు ఇటువంటి ఫిరంగులను తయారుచేసి చూశాయి. ఐతే అంత కరెంటు పారేసరికి పట్టాలు వేడెక్కి త్వరత్వరగా అరిగిపోతాయి. అదే వాటితో పెద్ద చిక్కు.

ఇంతలో రైలు వచ్చింది. ముగ్గురం ఎక్కాం. పిల్ల కిటికీ దగ్గర కూర్చున్నది.

"పైన తీగ చూశావా? అందులో 25,000 వోల్టుల కరెంటు ఉన్నది. బండి నెత్తి మీద ఉన్న చట్రం దాన్ని అందుకుంటుంది. బండిలోని ట్రాన్స్‌ఫార్మరు దాన్ని తగ్గించి మోటార్లకు ఇస్తుంది. మోటారులో జరిగేది కూడా అదే పని. అయస్కాంతం మధ్య ఉన్న తీగలో కరెంటు పారితే తీగను ఒక శక్తి తోస్తుంది, ఇరుసు తిరుగుతుంది. పని ముగించుకున్న కరెంటు చక్రాల మీదుగా పట్టాల్లోకి దిగి తిరిగిపోతుంది. నీ పుస్తకంలో పిల్ల బిళ్ళను తోసిన శక్తే ఇప్పుడు నిన్నూ నన్నూ చందానగర్ వైపు తోస్తున్నది," అన్నాను.

పిల్ల కళ్ళు పెద్దవి చేసుకుని పై తీగ వంక చూసింది. (మీరెవరూ ఆ తీగ దరిదాపులకు పోకండి సుమా! ఆగి ఉన్న బండి మీదికి ఎక్కడం కూడా ప్రాణం మీదికి వస్తుంది. ఆ తీగను తాకనక్కరలేదు, చేరువకు పోయినా చాలు, కరెంటు దూకుతుంది.)

అంతవరకూ ఊరుకున్న తల్లి అప్పుడు అందుకున్నది. "సార్, మీరు కూడా దాన్ని ఎక్కేస్తున్నారు! ఇరవైనాలుగు గంటలూ ఈ బొమ్మల పుస్తకాలే. చదివేది చాలదని తానే ఒకటి వేస్తున్నది. పరీక్షలు పది రోజుల్లో ఉన్నాయి. రాత్రి ఆ నోటుబుక్కు లాక్కుని నా సంచీలో పెట్టాను. మీరైనా నాలుగు మంచి మాటలు చెప్పండి," అన్నది.

పిల్ల ముఖం చిన్నబోయింది. తల్లి ఒడిలో ఉన్న సంచీ వంక ఒకసారి చూసి తల తిప్పుకున్నది.

ఆ చూపు నాకు తెలుసు. ఎలా తెలుసో చివర చెబుతాను. అప్పటికి మాత్రం నేను తల్లికి జవాబు చెప్పలేదు. "ఈ కొమ్మకథలు జపాను వాళ్ళు కొత్తగా కనిపెట్టినవి కావమ్మా," అని మొదలుపెట్టాను.

నిజమే గదా! మహాభారతం పాండవుల కథ. కాని అందులో నలుడూ దమయంతీ ఉన్నారు, సావిత్రి ఉన్నది, శకుంతల ఉన్నది. అవన్నీ ఉపాఖ్యానాలు. మరికొన్ని కొమ్మలు భారతం బయట మొలిచాయి. బలరాముడి కూతురు శశిరేఖ మనందరికీ తెలుసు. కాని వ్యాస భారతం మొత్తం వెతికినా ఆమె కనిపించదు. ఐనా తెలుగువాళ్ళు ఆమెను వదలలేదు. నాటకాలు ఆడారు. 1957లో కె.వి.రెడ్డి "మాయాబజార్" సినిమా తీశాడు. ఆ సినిమా తీసిన నాగిరెడ్డి, చక్రపాణి గార్లే 1947 జులైలో "చందమామ" పత్రిక మొదలుపెట్టారు. కొమ్మకథల రుచి వాళ్ళకు బాగా తెలిసి ఉండాలి.

మరొక కొమ్మ ప్రమీల. యుద్ధం ముగిశాక ధర్మరాజు అశ్వమేధం తలపెట్టి గుర్రాన్ని వదిలాడు. దాని వెంట అర్జునుడు బయలుదేరాడు. ఆ గుర్రం తిరిగి తిరిగి అందరూ ఆడవాళ్ళే ఉన్న రాజ్యంలో అడుగుపెట్టింది. ఆ రాజ్యపు రాణి ప్రమీల. ఆమె గుర్రాన్ని కట్టివేయించి, విడిపించుకోవలసిందని అర్జునుడికి కబురు చేసింది. అర్జునుడంతటివాడు ఆమెతో యుద్ధం చేసి ఏమీ చేయలేకపోయాడు. చివరకు ఆమెను పెళ్ళాడడానికి ఒప్పుకోవలసి వచ్చింది! ఈ కథ వ్యాసుడు చెప్పినది కాదు, జైమిని భారతంలోది. పిల్లలమర్రి పినవీరభద్రుడు దానిని తెలుగులో పద్యకావ్యంగా రాశాడు. 1965లో సినిమాగా కూడా వచ్చింది.

"యుద్ధం చేసేది మికోతో ఒక్కతే కాదన్నమాట!" అన్నది పిల్ల.

"ఆవిడ అందరిలోకీ చిన్నది. సత్యభామను మరిచిపోయావా? దీపావళికి ఎవరి పేరు చెప్పి టపాకాయలు కాలుస్తున్నావు?" అన్నాను. నరకాసురుడి మీద సత్యభామ విల్లు ఎక్కుపెట్టి నిలబడిన తీరును పోతన గారు భాగవతంలో ఎంతో ముచ్చటపడి రాశారు.

చందానగర్ వచ్చింది. కొందరు దిగారు, కొందరు ఎక్కారు. బండి కదిలింది.

"జపానులో చాలా కాలం కిందటే ఇటువంటి నాయికను ఎవరు బొమ్మల్లో వేశారో తెలుసునా?" అని అడిగాను. పిల్ల తెలియదన్నది. నాకు తెలిసిన సంగతి ఒకటైనా మిగిలినందుకు సంతోషించాను.

ఒసాము తెజుకా అనే ఆయన 1928లో పుట్టాడు. వైద్యం చదివాడు గాని మందులు ఇచ్చుకుంటూ కూర్చోలేదు. బొమ్మల కథలు వేశాడు. ఆయన చిన్నతనం తకరజుకా అనే ఊళ్ళో గడిచింది. అక్కడ 1914 నుంచీ ఒక నాటక సమాజం ఉన్నది. అందులో అందరూ ఆడవాళ్ళే. రాజు వేషమైనా, సైనికుడి వేషమైనా ఆడవాళ్ళే వేస్తారు. వాళ్ళమ్మ ఆయనను ఆ నాటకాలకు తీసుకుపోయేది. ఆ నాటకాలు ఆయన మనసులో ఉండిపోయాయి. 1953లో ఆడపిల్లల పత్రిక ఒక దానిలో సఫైర్ అనే రాకుమారి కథ మొదలుపెట్టాడు. ఆ రాజ్యంలో ఆడపిల్లకు సింహాసనం ఇవ్వరు. అందుకని సఫైర్‌ను పుట్టినప్పటి నుంచీ మగపిల్లవాడని చెప్పి పెంచుతారు. ఆమె కత్తి పట్టి రాజ్యాన్ని కాపాడుతుంది.

ఆ కథకు కూడా కొమ్మ వేసింది! 1958లో తెజుకా సఫైర్ పిల్లల కథ మొదలుపెట్టాడు. ఆమెకు కవలలు, ఒక కొడుకూ ఒక కూతురూ. కొడుకును శత్రువులు ఎత్తుకుపోయి అడవిలో వదిలేస్తారు. అతన్ని ఒక లేడి పెంచుతుంది. రాకుమారుడు కనిపించడం లేదని ప్రజలకు తెలిస్తే ప్రమాదం. అందుకని కూతురు వయొలెట్టా ఒకసారి తన వేషంలోనూ, ఒకసారి సోదరుడి వేషంలోనూ కనబడుతూ ఉంటుంది. తల్లి పడిన కష్టమే కూతురికీ వచ్చింది.

ఇక్కడ తల్లి అందుకున్నది. "ఇదేమిటి సార్, మన రుద్రమదేవి కథలాగా ఉన్నది!" అని.

నేను ఈ మాట కోసమే చూస్తున్నాను. గణపతిదేవుడి కూతురు రుద్రమ 1262 ప్రాంతంలో కాకతీయ సింహాసనం ఎక్కింది. శాసనాలలో ఆమెను రుద్రదేవ మహారాజు అని మగవాడి పేరుతోనే పిలిచారు. ఆమెను చిన్నతనంలో మగపిల్లవాడిలాగా పెంచారని జనం చెప్పుకుంటారు. ఓరుగల్లు కోటలో ఒక శిల్పం ఉన్నది. కత్తీ డాలూ పట్టి సింహం మీద కూర్చున్న స్త్రీ. అది రుద్రమ బొమ్మేనని చరిత్రకారులు అంటారు. నల్లగొండ జిల్లా చందుపట్లలో 1289 నాటి శాసనం ఒకటి దొరికింది. రుద్రమ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివసాయుజ్యం పొందారని, వారి పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే ఆయన భూమి దానం చేశాడని అందులో ఉన్నది. దీన్ని బట్టి ముసలితనంలో కూడా ఆమె యుద్ధభూమి వదలలేదని చరిత్రకారులు అనుకుంటారు.

"చూశారా అమ్మా, తెజుకాకు రుద్రమ తెలిసి ఉండదు. రుద్రమకు జపాను తెలియదు. ఐనా రెండు చోట్లా ఆడపిల్లకు అడ్డుపడిన గోడ ఒక్కటే. అందుకే రెండు చోట్లా ఒకే రకం కథ పుట్టింది," అన్నాను.

అప్పుడు బండి ఆగింది. లింగంపల్లి ఇంకా రాలేదు, సిగ్నలు ఇవ్వలేదు. కిటికీలోంచి రాళ్ళూ, తుమ్మచెట్లూ కనిపిస్తున్నాయి.

"నీ నోటుబుక్కులో నాయిక ఎవరు తల్లీ?" అని అడిగాను.

పిల్ల తల్లి వంక భయంగా చూసి, "దుస్సల," అన్నది.

దుస్సల! నూరుగురు కౌరవులకు ఒక్కతే చెల్లెలు. మనం దుర్యోధనుడి పేరు చెబుతాం, దుశ్శాసనుడి పేరు చెబుతాం. ఆ పిల్ల సంగతి ఎవరికి గుర్తుంటుంది?

"నూరుగురు అన్నలు ఉన్న ఇంట్లో ఆ పిల్ల ఏం చేస్తూ ఉండేదో అని అనుకున్నాను తాతగారూ. అన్నలు కత్తిసాము నేర్చుకుంటూ ఉంటే చెట్టెక్కి చూసి తాను కూడా నేర్చుకుంటుంది. అంతవరకు వేశాను. ఆ తరువాత ఏం కావాలో తెలియడం లేదు," అన్నది.

"అశ్వమేధ పర్వంలో ఏముందో చెబుతాను విను," అన్నాను. అర్జునుడు గుర్రం వెంట సింధుదేశం వచ్చాడు. దుస్సల భర్త సైంధవుణ్ణి యుద్ధంలో చంపినవాడు అతనే. ఆ పగతో సైంధవులు అతని మీద పడ్డారు. ఘోరయుద్ధం జరుగుతున్నది. అప్పుడు దుస్సల పసివాడైన మనమణ్ణి చంకనెత్తుకుని, రథం మీద నేరుగా యుద్ధం మధ్యకు వచ్చింది. ఆమెను చూసి అర్జునుడు విల్లు దించాడు. పిల్లవాణ్ణి చూపించి శాంతి అడిగింది. యుద్ధం ఆగిపోయింది.

పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "కత్తి లేకుండానే ఆపేసిందా?" అన్నది.

"కత్తి లేకుండానే."

"అయితే కత్తిసాము వచ్చి కూడా కత్తి తీయలేదని వేస్తాను," అన్నది పిల్ల.

పిల్లలూ, ఇన్నేళ్ళు భారతం చెప్పాను గాని ఆ మాట నాకు తట్టలేదు.

తల్లి ఇంకా నా జవాబు కోసం చూస్తున్నది. అప్పుడు నేను ఎవరికీ చెప్పని సంగతి ఒకటి చెప్పాను. మీకు కూడా చెబుతున్నాను.

నేను ఉద్యోగంలో కొత్తగా ఉన్న రోజులు. ఎనిమిదో తరగతిలో లెక్కలు చెబుతూ ఉంటే ఒక పిల్ల బల్ల కింద ఏదో గీస్తున్నది. పోయి లాక్కున్నాను. అది నూరు పేజీల నోటుబుక్కు. అప్పట్లో పిల్లలందరూ చదివే జానపద సీరియలు ఒకటి ఉండేది. అందులో రాకుమారుణ్ణి మాంత్రికుడు పట్టుకుపోతాడు. ఈ పిల్ల ఆ రాకుమారుడి చెల్లెల్ని నాయికను చేసి, గడులు గీసి, సొంతంగా బొమ్మల కథ వేసింది. చెల్లెలు అన్నను విడిపించడానికి ఒంటరిగా బయలుదేరింది. రాత్రివేళ ఒక ఏటి ఒడ్డుకు వచ్చింది. ఏరు పొంగి ఉన్నది. నీళ్ళలో మొసలి ఉన్నది. అక్కడిదాకా చూసి, పుస్తకం మూసి, బీరువాలో పడేసి తాళం వేశాను. "పరీక్షలు అయ్యాక ఇస్తాను," అన్నాను.

ఆ పిల్ల రెండుసార్లు వచ్చి అడిగింది. మూడోసారి అడగలేదు. సెలవుల్లో బీరువా ఖాళీ చేసి పాత కాగితాలన్నీ అమ్మేశారు. నేను చూసుకోలేదు. బడి తెరిచాక ఆ పిల్ల తరగతిలో బుద్ధిగా కూర్చునేది. లెక్కలు బాగా చేసేది. ఎన్నడూ బొమ్మ గీయలేదు. నేను గెలిచాననుకున్నాను. ఏం పోగొట్టానో తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

నేను చెప్పడం ముగించగానే పిల్ల అడిగింది: "తాతగారూ, ఆ చెల్లెలు ఏరు దాటిందా? అన్నను విడిపించిందా?"

"తెలియదమ్మా. నేను చివరిదాకా చదవలేదు," అన్నాను.

బండి కదిలింది. తల్లి ఏమీ అనలేదు. సంచీ తెరిచి నోటుబుక్కు పైకి తీసింది. పిల్లకు ఇవ్వలేదు. తానే మొదటి పేజీ తెరిచింది. కాసేపటికి, "ఈ చెట్టు మీద ఉన్నదేనా నీ దుస్సల?" అని అడిగింది. పిల్ల అవునన్నది. "చెవులకు కమ్మలు లేవేం?" అన్నది తల్లి. "కొమ్మలకు తగులుకుంటాయని తీసేసింది," అన్నది పిల్ల. తల్లి పేజీ తిప్పింది.

లింగంపల్లిలో దిగేటప్పుడు ఆమె నాతో, "పరీక్షలు అయ్యేదాకా రోజుకు అరగంట, సార్," అన్నది. నేను దండం పెట్టి దిగాను. పరీక్షలకు పరీక్షలు, బొమ్మలకు బొమ్మలు. అరగంట తక్కువ కాదు.

అక్కడి నుంచి సురభి కాలనీకి నడిచాను. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారి కుటుంబం వాళ్ళు "కీచకవధ" ఆడారు. ఆ ఊరి పేరే వాళ్ళ సమాజానికి వచ్చింది. తెలుగు నాటకాలలో మగవాళ్ళే ఆడవేషాలు వేసే రోజులవి. ఆ తరువాత కూడా చాలా కాలం ఆ పద్ధతి సాగింది. సత్యభామ వేషానికి పేరు మోసిన స్థానం నరసింహారావు గారు మగవారే. 1956లో పద్మశ్రీ అందుకున్నారు. కాని సురభివాళ్ళ ఇంటి ఆడవాళ్ళు ఆనాడే రంగస్థలం ఎక్కారు. అమ్మా, నాన్నా, పిల్లలూ అందరూ నటులే. వాళ్ళ "మాయాబజార్"లో లడ్లు గాలిలో తేలుతూ ఘటోత్కచుడి నోట్లోకి పోతాయి. శశిరేఖ అక్కడ ఇంకా బతికే ఉన్నది.

జపానులో తకరజుకా, మనకు లింగంపల్లి. ఒక తల్లి తన పిల్లవాణ్ణి నాటకానికి తీసుకుపోబట్టి సఫైర్ పుట్టింది. మీ అమ్మానాన్నలను అడిగి మీరు కూడా ఒకసారి సురభి నాటకం చూసి రండి.

ఇక మీకు ఒక పని చెబుతాను. మీకు నచ్చిన కథ ఏదైనా తీసుకోండి. అందులో పక్కన నిలబడి ఒకటి రెండు మాటలు మాత్రమే మాట్లాడే మనిషిని వెతకండి. చెల్లెలు కావచ్చు, దాసి కావచ్చు, పడవ నడిపేవాడు కావచ్చు. పెద్ద కథ జరుగుతున్నప్పుడు ఆ మనిషి ఎక్కడ ఉన్నాడు, ఏం చూశాడు, ఏం చేయాలనుకున్నాడు అని ఆలోచించండి. ఒక కాగితం మీద ఆరు గడులు గీయండి. మొదటి గడిలో ఆ మనిషి కోరిక ఉండాలి, రెండో దానిలో అడ్డంకి రావాలి. చివరి గడి మాత్రం ఖాళీగా వదిలి ఇంట్లో పెద్దవాళ్ళకు చూపించండి. "తరువాత ఏమయింది?" అని వాళ్ళు అడిగితే మీ కొమ్మ చిగురు వేసినట్టే.

పెద్దలకు ఒక మనవి. పిల్లల చేతిలోంచి నోటుబుక్కు లాక్కోక తప్పని రోజు ఒకటి రావచ్చు. అప్పుడు కూడా దాన్ని చివరిదాకా చదవండి.

బీరువాలో తన పుస్తకం పోగొట్టుకున్న ఆ పిల్ల ఈనాటికి నడివయసు తల్లి అయి ఉంటుంది. ఈ పత్రిక ఆమె పిల్లల చేతికి వచ్చి, ఆమె దీనిని చదవడం జరిగితే ఒక్క మాట అడుగుతున్నాను: అమ్మా, ఆ ఏరు ఎలా దాటింది?